చిత్తు కాగితాల వసంతం

బొమ్మ వేయమంటే "నాకు రాదన్నా" అని వెనక్కి జరిగే చిన్నపిల్లలు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. రంగుల పెట్టె లేకపోవడం ఒక కారణం. గీత వంకర పోతే నవ్వుతారన్న భయం ఇంకో కారణం. రంగుల పెట్టె, గీత నేర్పు రెండూ అక్కరలేని కళ ఒకటుంది. అదే కొలాజ్.

దొరికిన ముక్కలను ఒక అట్టమీద అతికించి బొమ్మ కట్టడమే కొలాజ్. ఫ్రెంచి భాషలో జిగురుతో అతికించడం అనే అర్థమున్న మాట నుంచి ఈ పేరు వచ్చింది. 1912లో ఫ్రాన్సులో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు తమ చిత్రాలలో వార్తాపత్రిక ముక్కలు, గోడకు అంటించే కాగితం అతికించారు. మాటిస్ అనే మరో చిత్రకారుడికి 1941లో పెద్ద ఆపరేషన్ జరిగింది. తరువాత నిలబడి పనిచేయడం కష్టమై, కూర్చున్నచోటే రంగు కాగితాలు కత్తిరించి గొప్ప చిత్రాలు చేశాడు. కాగితంతో పాటు ఆకు, గుడ్డ, దారం, గింజ, రంగు కలిపితే దానినే మిక్స్‌డ్ మీడియా కొలాజ్ అంటారు.

ఉగాది రోజులలో పెద్ద తరగతుల విద్యార్థులు ఒక్కొక్కరు నలుగురైదుగురు చిన్నపిల్లలను కూర్చోబెట్టుకుని రెండు ఆదివారాలలో దీనిని చేయించవచ్చు.

కావలసినవి: అట్టపెట్టె పక్కలు, పాత పెళ్ళి శుభలేఖలు, వార్తాపత్రికలు, దర్జీ దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలు, ఊలుదారం, దూది, ఎండుపుల్లలు, రాలిన ఆకులు, పూలు, మైదాపిండి.

మొదటి ఆదివారం: పిల్లలను చెట్ల దగ్గరకు తీసుకెళ్ళండి. రాలినవే ఏరించండి, కొమ్మలు విరవనీయవద్దు. మోదుగుపూలు, వేపపూత, కానుగ ఆకులు ఈ కాలంలో దొరుకుతాయి. పచ్చిపూలు అలాగే అతికిస్తే బూజు పడతాయి. వాటిని వార్తాపత్రికల మధ్య పరిచి, పైన ట్రంకుపెట్టె పెట్టి వారం రోజులు ఉంచండి.

మామిడి చిగురు ఎర్రగా ఎందుకుందని ఎవరో ఒకరు అడుగుతారు. లేత ఆకులో ఆంథోసయనిన్ అనే ఎర్రని పదార్థం ఉంటుంది. ఆకు ముదిరేకొద్దీ పత్రహరితం పెరిగి పచ్చగా మారుతుందని చెప్పండి. కోయిలను అతికించేవారికి మరో సంగతి: కూ అని పాడే నల్లకోయిల మగది. ఆడది గోధుమరంగులో తెల్లచుక్కలతో ఉంటుంది.

రెండో ఆదివారం: రెండు చెంచాల మైదాను గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగమీద చిక్కబడేదాకా తిప్పుతూ కాచండి. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. పుస్తకాలు బైండింగ్ చేసేవారు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు ముట్టుకునే జిగురులో వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకుంటే చాలు. చింతగింజల జిగురు కూడా మంచిదే. సిద్దిపేట జిల్లా చేర్యాల కళాకారులు చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి మాస్కులు చేస్తారు.

అట్టకు ఒకవైపే కాగితం అంటిస్తే ఆరాక వంగిపోతుంది. కాబట్టి వెనకవైపు కూడా ఒక వార్తాపత్రిక అంటించండి. ముక్కలన్నీ ముందు జిగురు లేకుండా పేర్చుకోమనండి. నచ్చిన తరువాతే అతికించాలి. ముందు ఆకాశం, నేల. తరువాత దూరంగా ఉండేవి. చివర దగ్గరగా ఉండేవి. పుల్లలు, గింజలు జిగురుకు నిలవకపోతే సూదితో దారం వేసి కుట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. నమూనా బొమ్మ చూపించవద్దు. వసంతం అంటే కోయిల, మామిడిచిగురు అని మన పాఠాలలో ఉంటుంది. కాని వాళ్ళమ్మ మిరపకాయ కోతలకు వెళ్ళే పిల్లవాడికి ఆ రోజులంటే ఎర్రటి కళ్ళం గుర్తొస్తుంది. అడవి దగ్గరి ఊరి పిల్లకు తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడం గుర్తొస్తుంది. ఇంకొకరికి నీళ్ళు అడుగంటిన చెరువు గుర్తొస్తుంది. అవన్నీ వసంతమే. కళ్ళం పెట్టాలనుకున్న పిల్లవాడికి ఎర్ర శుభలేఖ ముక్కలు ఇవ్వండి. నిజం మిరపకాయలు మాత్రం వద్దు, ఆ చేతులతో కళ్ళు నులుముకుంటారు. "అలా కాదు, ఇటివ్వు" అని ముక్క లాక్కుని మీరు అతికించవద్దు. వంకరగా ఉన్నా అది వాడి ఊరు.

పండుగకు ఇంటికి వెళ్ళలేని పిల్లలు ఆ రోజు మూలన కూర్చుని ఉండటం మనకు తెలియనిది కాదు. "మీ ఊళ్ళో ఇప్పుడు ఏం పూస్తుంది?" అని అడిగితే వాళ్ళు నోరు విప్పుతారు. చేతులు అతికిస్తుంటే మాటలు వాటంతట అవే వస్తాయి.

ఆరిన బొమ్మలను భోజనాల హాలులో చిన్నపిల్లల కంటికి అందే ఎత్తులో కట్టండి. ప్రతి బొమ్మ కింద చేసినవారి పేరు, ఊరి పేరు రాయించండి. ఎవరిది మొదటి బహుమతి అన్న లెక్క పెట్టకండి. అన్నం తింటూ పిల్లలు ఒకరి ఊరు ఒకరు చూసుకుంటే అదే చాలు.