భుజం రెండింతలైతే మడి ఎన్ని సెంట్లు?

చెరుకుపల్లి, రేపల్లె, తెనాలి వైపు హైస్కూళ్లలో లెక్కలు చెప్పే టీచర్లకు, ముఖ్యంగా 2025 మెగా డీఎస్సీతో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఈ నాలుగు మాటలు. సరూప పటాల్లో భుజాలు k రెట్లయితే వైశాల్యం k² రెట్లవుతుందని బోర్డు మీద రాసి, రెండు లెక్కలు చేయించి ముందుకు పోవడం తేలిక. పిల్లలు పరీక్షలోనూ సరిగానే రాస్తారు. నెల తిరిగాక అడగండి, "భుజం రెండింతలైతే వైశాల్యమూ రెండింతలే కదండీ" అంటారు.

ఈ తప్పు మన పిల్లలకే పరిమితం కాదు. 200 మీటర్ల భుజం ఉన్న చదరపు పొలానికి ఎరువు వేయడానికి 8 గంటలు పడితే, 600 మీటర్ల పొలానికి ఎంతసేపు పడుతుందని బెల్జియంలో డి బాక్, వెర్షాఫెల్, యాన్సెన్స్ అనే పరిశోధకులు బడిపిల్లల్ని అడిగారు. 1998లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎక్కువమంది 24 అన్నారు. సరైన జవాబు 72. బొమ్మ గీసుకోమన్నా పెద్దగా మార్పు రాలేదు. కాబట్టి బొమ్మ చూపించి ఊరుకుంటే చాలదు, పిల్లల చేత లెక్కపెట్టించాలి.

అందుకు మన డెల్టాలో సామగ్రికి కొదవ లేదు. వరి పండే ఊళ్లలో సెంటు అనే మాట వినని పిల్లలుండరు. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. ఆ భుజంతో గీసిన చదరపు మడి కచ్చితంగా 10 సెంట్లు. "భుజం 132 అడుగులైతే ఎన్ని సెంట్లు?" అని అడిగి, ప్రతి ఒక్కరి చేతా ముందు జవాబు రాయించండి. చాలామంది 20 అని రాస్తారు. వెంటనే దిద్దకండి. గ్రాఫు కాగితం మీద ఒక గడిని 10 సెంట్ల మడి అనుకోమని, పెద్ద మడిలో అలాంటివి ఎన్ని పడతాయో వాళ్లనే లెక్కించనివ్వండి. 40 తేలుతుంది. 198 అడుగులకు 90.

చదరం దగ్గరే ఆగిపోతే పిల్లలు ఇది చదరాల సంగతే అనుకుంటారు. అట్టతో ఒకే కొలత త్రిభుజాలు తొమ్మిది కత్తిరించి ఇవ్వండి. మూడు రెట్ల భుజాలున్న త్రిభుజాన్ని వాటితో నింపమంటే, మూడింటిని తలకిందులుగా తిప్పి పెడితే తప్ప కుదరదని వాళ్లే కనిపెడతారు. మరి వృత్తాన్ని అలా చిన్న వృత్తాలతో నింపలేం. అసలు విషయం చెప్పాల్సింది ఇక్కడే. ఏ ఆకారం మీదైనా సన్న గళ్లు గీసి దాన్ని రెండింతలు పెంచితే, లోపలి ప్రతి గడీ పొడవులో రెండింతలు, వెడల్పులో రెండింతలు పెరుగుతుంది. ఒక్కో గడి నాలుగు గళ్ల పెట్టు అయినప్పుడు మొత్తం ఆకారమూ అంతే. ఈ ఒక్క మాటకు పీరియడ్ మొత్తం పట్టినా పట్టనివ్వండి.

పొడవు మాత్రమే రెండింతలు చేసిన మడినీ పక్కన గీయించండి. అది 20 సెంట్లే, కానీ సరూపం కాదు. ఆ తర్వాత ఒకే లెక్కలో రెండు ప్రశ్నలు అడగండి: 66 అడుగుల మడి 132 అడుగుల మడి అయితే కంచె ఎన్ని రెట్లు కావాలి, ఎరువు ఎన్ని రెట్లు కావాలి? చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా అక్కడ తేలిపోతుంది.

చురుకైన పిల్లలకు తిరగేసి ఇవ్వండి. 20 సెంట్ల చదరపు మడి కావాలంటే భుజం ఎంత? 132 కాదు, 99 కాదు. 66 అడుగుల చదరానికి మూల నుంచి మూలకు తాడు పట్టుకుంటే వచ్చే పొడవు, సుమారు 93 అడుగుల 4 అంగుళాలు. తాడు కొలత రెండింతలైతే చదరం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు అని ఆపస్తంబ శుల్బసూత్రాల్లోనే ఉంది. చదరాన్ని రెట్టింపు చేయడానికి కర్ణాన్నే భుజంగా తీసుకోవాలన్నదీ శుల్బసూత్రాల్లోని పద్ధతే.

పొలం పటాలకూ ఇదే లెక్క. 1:2000 స్కేలులో ఒక సెంటీమీటరు 20 మీటర్లు. మరి ఒక చదరపు సెంటీమీటరు? 400 చదరపు మీటర్లు, అంటే దాదాపు 10 సెంట్లు. పటం మీద గళ్లు లెక్కపెట్టి చేను విస్తీర్ణం చెప్పగలిగిన పిల్లకు ఆ చదువు ఇంట్లోనూ పనికొస్తుంది.

ఒక ముఖ్యమైన సంగతి. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో సరూప త్రిభుజాల వైశాల్యాల భాగాన్ని 2022 కుదింపులో తీసేశారు. పైతరగతిలో ఎవరో ఒకరు చెబుతారులే అనుకోవడానికి వీల్లేదు. ఏడు, ఎనిమిది తరగతుల్లోనే రెండు మూడు పీరియడ్లు దీనికి కేటాయించండి. k² సూత్రాన్ని చివరి పీరియడ్ వరకు బోర్డు ఎక్కించకండి.