ఎవరిని ఎవరితో పోలుస్తున్నావు?

తల్లీ,

నీ రిపోర్టు కోసం చూసిన ఆసుపత్రి రికార్డుల్లో ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉంది, పి-విలువ 0.001 వచ్చింది, కాబట్టి రుజువైనట్టే కదా పెదనాన్నా అన్నావు. ఎక్కువగా ఉన్న మాట నిజమే. ఇన్సులిన్ వల్లే వచ్చిందని మాత్రం రుజువు కాలేదు.

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు నాలుగు కేస్ షీట్లు తిరగేయాల్సింది. షుగర్ రోగికి ఇన్సులిన్ ఎప్పుడు రాస్తారు? చాలామందికి ఏళ్ల తరబడి మాత్రలు వాడి, అవి చాలనప్పుడు. కిడ్నీలు బాగా దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ మాత్ర ఆపేస్తారు. అలాంటివాళ్లను తరచూ ఇన్సులిన్‌కే మారుస్తారు. అంటే కొందరికి కిడ్నీ జబ్బు ముందొచ్చింది, ఇన్సులిన్ తర్వాతొచ్చింది. సూది మొదలుపెడితే కిడ్నీలు పోతాయన్న భయం మన ఊళ్లలో ఇప్పటికే ఉంది. నీ రిపోర్టు ఆ భయానికి వత్తాసు పలకకూడదు. నా కోపమంతా అందుకే.

పి-విలువ చెప్పేది ఒక్కటే: రెండు గుంపుల మధ్య నిజంగా తేడా లేకపోతే, ఇంత తేడా గానీ ఇంతకు మించింది గానీ కేవలం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంత అని. ఏ గుంపులో ఎవరు, ఎందుకు చేరారో దానికి తెలియదు. పది వేల మందిని తెచ్చినా గుంపులు మొదట్లోనే వేరైతే ఆ తప్పు తగ్గదు. పి-విలువ ఇంకా చిన్నదై, నీ ధీమా పెరుగుతుంది, అంతే.

దీనికి మద్రాసు క్షయ అధ్యయనాన్ని మించిన పాఠం నాకు తెలియదు. అప్పట్లో టీబీ వస్తే శానటోరియంలో చేరాలి. మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటిదే. పడకలు తక్కువ, రోగులు లెక్కలేనంత మంది. ఇరుకు ఇళ్లలో ఉండే పేదలకు ఇంటి దగ్గరే మందులిస్తే నయమవుతుందా? శానటోరియం రిజిస్టరునూ ఇంటి రోగుల లెక్కనూ పక్కపక్కన పెడితే జవాబు దొరకదు. పడక దొరికినవాళ్లూ దొరకనివాళ్లూ మొదటినుంచీ ఒకలాంటివాళ్లు కారు. అందుకే 1956లో మద్రాసులో మొదలైన టీబీ కీమోథెరపీ సెంటర్‌లో వాలెస్ ఫాక్స్ బృందం, ఎవరు ఇంట్లో ఉండాలో ఎవరు శానటోరియానికి వెళ్లాలో డాక్టరు ఇష్టానికి గానీ రోగి స్తోమతకు గానీ వదలలేదు. చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా పంచింది. రెండు గుంపులకూ ఏడాదిపాటు అవే మందులు, ఐసోనియాజిడ్, పాస్. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లకు తిండి, విశ్రాంతి తక్కువైనా జబ్బు దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్ల కుటుంబసభ్యులకు టీబీ సోకడమూ పెరగలేదు. శానటోరియం పడక దొరకని పేదవాడికి ఇంటి దగ్గరే వైద్యం ఇవ్వవచ్చన్న ధైర్యం ఆ పంపకం నిజాయితీ నుంచి వచ్చింది.

నువ్విప్పుడు చీటీలు వేయలేవు, అంతా జరిగిపోయిన డేటా. కానీ ఇన్సులిన్ మొదలుపెట్టిన తేదీకి ముందు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో వెతుకు. అప్పటికే ఎక్కువగా ఉన్నవాళ్లను పక్కన పెట్టు. షుగర్ వచ్చి ఎన్నేళ్లయిందో, వయసెంతో, బీపీ ఉందో లేదో చూసి, ఒకేలాంటివాళ్లను ఒకేలాంటివాళ్లతో పోల్చు. ఇంత చేసినా రికార్డులో రాయనిది మిగిలే ఉంటుంది, ఆ మాట రిపోర్టులో దాచకు. ‘లామా’ అని, అంటే డాక్టరు వద్దన్నా వెళ్తున్నామని, రాసి వెళ్లిపోయినవాళ్లనూ, పెద్దాసుపత్రికి రిఫర్ చేసినవాళ్లనూ తీసేశానన్నావు. వాళ్లను విడిగా లెక్కపెట్టు. సీరియస్‌గా ఉన్నవాళ్లు వాళ్లలోనే ఎక్కువగా ఉండవచ్చు.

సగటులు, చార్టులు నీకు బాగానే వచ్చు, వాటి జోలికి పోను. ముందు రెండు గుంపుల్లో ఎవరెవరున్నారో చూపే పట్టిక ఒక్కటి పంపు. పి-విలువ సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న