పెన్సిల్వేనియాలో విల్లు, మజిల్‌లోడరుతో జింకల వేట

ప్రశ్న: అమెరికాలోని పెన్సిల్వేనియాలో సాధారణ వేట లైసెన్సు ఉంటే విల్లంబుల సీజనులోనూ జింకను వేటాడవచ్చా?

జవాబు: ఆ ఒక్క లైసెన్సు చాలదు. విల్లంబులకు కేటాయించిన సీజనులో వేటాడాలంటే దానికి ఆర్చరీ లైసెన్సును, గొట్టం మూతి నుంచి మందూ గుండూ దట్టించే తుపాకి, అంటే మజిల్‌లోడరుకు కేటాయించిన సీజనులోనైతే మరో లైసెన్సును జతచేసుకోవాలి. తొలిసారి లైసెన్సు కోరేవారు వేట భద్రతా శిక్షణలో ఉత్తీర్ణులై ఉండాలి. అసలు మెలిక క్రిస్మస్ తరువాతి మజిల్‌లోడరు సీజనులో ఉంది: చెకుముకిరాయి ఉక్కుకు తగిలి రాల్చిన నిప్పురవ్వతో పేలే ఫ్లింట్‌లాక్‌కే అప్పుడు అనుమతి ఉంటుంది గనుక, ఆధునిక మజిల్‌లోడరు కొన్నవారు చేతిలో లైసెన్సు ఉన్నా దానిని వాడరాదు. లైసెన్సు సంవత్సరం జూలై 1న మొదలై మరుసటి జూన్ 30తో ముగుస్తుంది.