చదివినది నిలుచుట ఎట్లు?

కొన్ని సంవత్సరముల క్రితము నేనొక ఉపన్యాస సంపుటిని ఆంగ్లమునుండి తెలుగులోనికి అనువదించితిని. మూడు నెలలు పట్టినది. ప్రూఫులను రెండుమారులు దిద్దితిని. పుస్తకము వెలువడిన కొలది దినములకు ఒక వృద్ధుడు ఆశ్రమమునకు వచ్చెను. చేతికి అందివచ్చిన కుమారుని పోగొట్టుకొన్నవాడు. "స్వామీ, మీ పుస్తకములో దుఃఖమును గూర్చి ఒక అధ్యాయమున్నదట. నాకు చత్వారము, చిన్న అక్షరములు ఆనవు. అందులో ఏమున్నదో మీరే నాలుగు ముక్కలు చెప్పండి" అని అడిగెను. నాకు అధ్యాయము పేరు గుర్తున్నది. మొదటి వాక్యమును తెనిగించుటకు పడిన శ్రమయు గుర్తున్నది. విషయము మాత్రము నోటికి రాలేదు. లోనికి పోయి పుస్తకము తెచ్చి చదివి వినిపించితిని. ఆయన ఓర్పుతో వినెను. నేను సిగ్గుపడితిని.

అన్నిమారులు చదివినది ఎట్లు జారిపోయెను? తప్పులు వెదకుచు చదివితిని గనుక తప్పులే కనబడినవి అనవచ్చును. కాని అది సగము మాత్రమే. పుట కన్నులయెదుట నున్నంతసేపు ప్రతి వాక్యమును తెలిసినట్లే తోచును. ప్రతిదినము బజారులో ఎదురగు మనిషిని చూడగానే గుర్తుపట్టుదుము. ఆయన పేరేమని ఇంటికి వచ్చిన తరువాత ఎవరైన అడిగిన చెప్పలేము. గుర్తుపట్టుట వేరు, గుర్తునకు తెచ్చుకొనుట వేరు. పలుమారులు చదువుటవలన మొదటిది పెరుగును. దానిని చూచి రెండవదియు సిద్ధించినదని మోసపోదుము.

పతంజలి మహర్షి స్మృతిని నిర్వచించుచు 'అసంప్రమోషము' అను మాటను వాడినాడు. మోషమనగా దొంగతనము. అనుభవమునకు వచ్చిన విషయము దొంగిలింపబడక నిలుచుటయే స్మృతి యని భావము. అనుభవమునకే రానిది నిలుచుట యెట్లు?

ఈ దొంగ ఎంత వేగముగా పనిచేయునో జర్మనీ దేశమునకు చెందిన ఎబ్బింగ్‌హౌస్ తనమీదనే పరీక్షించుకొని 1885లో ప్రకటించెను. అర్థములేని అక్షరకూర్పులను కంఠస్థము చేసి, ఒక దినము గడచిన పిమ్మట వానిని మరల నేర్చుకొనగా, మొదటి శ్రమలో సుమారు మూడవవంతు మాత్రమే ఆదా అయ్యెను. నెల గడచిన పిమ్మట అది అయిదవవంతునకు దిగెను. అనగా నష్టమంతయు మొదటి గంటలలోనే ఎక్కువ, తరువాత మందగించును.

ఇంతకంటె మనకు పనికివచ్చు పరీక్షను అమెరికాలో రోడిగర్, కార్పికీ అను ఇద్దరు 2006లో ప్రకటించిరి. విద్యార్థులచే ఒక వచనభాగమును చదివించి, కొందరిచే దానినే మరల చదివించిరి. కొందరిచే పుస్తకము లేకుండ జ్ఞాపకమున్నంత వ్రాయించిరి. అయిదు నిమిషముల తరువాత అడుగగా మరల చదివినవారు నూటికి 81 పాళ్లు, వ్రాసినవారు 75 పాళ్లు చెప్పిరి. వారము తరువాత మొదటివారు 42 పాళ్లకు పడిపోయిరి, రెండవవారు 56 పాళ్లు నిలుపుకొనిరి. అప్పటికప్పుడు లాభముగా తోచినది వారము తిరుగునప్పటికి నష్టమైనదన్నమాట.

మన అవధానులను చూడుడు. పృచ్ఛకుడు కోరిన పద్యములో ఒక పాదము చెప్పి, మరియొకరికి మరియొక పాదము చెప్పి, నడుమ అప్రస్తుత ప్రసంగము నెదుర్కొని, మరల మొదటివానియొద్దకు వచ్చునప్పుడు వెనుకటి పాదమును మనస్సునుండియే తోడుకొనవలెను. కాగితము లేదు. కడపట ధారణ చేయునప్పటికి ప్రతి పద్యమును ఎన్నిమారులు లోపలినుండి పైకి తెచ్చియుండును! ప్రతిభ లేదనను, కాని అభ్యాసము ఏ దారిని నడచినదో గమనింపదగినది. తైత్తిరీయోపనిషత్తు కూడ స్వాధ్యాయమును ఒంటరిగా విడువలేదు. ప్రవచనమును వెంటనే జతచేసి మాటిమాటికి విధించినది. చెప్పువానికి పుస్తకము మూసియే యుండును.

అప్పటినుండి నా పద్ధతిని మార్చుకొంటిని. రెండు మూడు పుటలు మాత్రమే చదివి, పుస్తకము మూసి, గ్రంథకర్త ఏమనెనో నా మాటలలో కాగితముమీద వ్రాసెదను. తోచనప్పుడు వెంటనే తెరువను. ఆ తడుములాట కష్టమైనది. ఫలితమంతయు అందులోనే యున్నది. తరువాత తెరచి సరిచూచుకొందును. ఇది మానరాదు, లేనిచో తప్పే స్థిరపడును. మరునాడు క్రొత్తది మొదలిడుటకు ముందు నిన్నటిదానిని, వారమునకొకమారు వారమంతటిదానిని తలచుకొందును. ఎఱ్ఱపెన్సిలుతో గీతలు గీయువారిని వలదనను. కాని నావరకు గీతలు గీసిన పుస్తకములే ఎక్కువగా మరపునకు వచ్చినవి. భక్తితో చేయు పారాయణమును గూర్చి నేను మాటలాడుటలేదు, దాని ప్రయోజనము వేరు. ఈ విధమున చదివిన సంవత్సరమునకు నాలుగు పుస్తకములు కూడ ముగియవు. వెనుక నెలకు నాలుగు చదివెడివాడను.

ఆ వృద్ధుడు ఆరునెలల పిమ్మట మరల వచ్చెను. ఈమారు ఆ అధ్యాయమును పుస్తకము లేకుండ చెప్పితిని. నడుమ ఒక దృష్టాంతము తప్పిపోయెను. "నది దాటిన తరువాత పడవను గూర్చినది గదా స్వామీ" అని ఆయనయే అందించెను. మనుమరాలిచే రోజుకొక పుట చదివించుకొని, రాత్రి భోజనమువేళ దానిని భార్యకు చెప్పుచుండెనట.