ఫార్మాట్‌కి ఊ అనే ముందు

చెల్లెమ్మా, పని మధ్యలో ల్యాప్‌టాప్ టక్కున ఆరిపోయి, దానంతటదే మళ్లీ ఆన్ అవుతుంటే ఎంత కంగారుగా ఉంటుందో నాకు తెలుసు. పిల్లాడి ప్రాజెక్టూ, నీ ఆఫీసు పనీ, పెళ్లి ఫొటోలూ అన్నీ అందులోనేగా! షాపుకి తీసుకెళితే చాలాచోట్ల ముందుగా వినపడేది "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్" అనే మాటే. వెంటనే ఊ అనకు.

అది ఆన్‌లో ఉన్న కాసేపట్లోనే ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో ఎక్కించుకో. మిగతాదంతా ఆ తర్వాతే.

ఇక, ఎప్పుడెప్పుడు ఆరిపోతోందో కాగితం మీద రాసిపెట్టు. జ్వరం ఏ వేళకి వస్తోందని డాక్టరు అడగరూ, ఇదీ అంతే. వీడియో కాల్ అర్ధగంట సాగాక, ఫ్యాను గోల పెట్టాక ఆరిపోతోందా? వేడి వల్లే అయ్యుంటుంది. పరుపు మీద పెడితే అడుగున గాలి వెళ్లే కన్నాలు మూసుకుపోతాయి. లోపలి ఫ్యానుకి దుమ్ము పడుతుంది, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్ట్ ఎండిపోతుంది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లో వేగం తగ్గించుకుంటాయి. అయినా వేడి దిగకపోతే, కాలిపోకుండా మెషీనే ఆగిపోతుంది. విజయవాడ, రామగుండం ఎండల్లో ఇది మరీ ఎక్కువ. దుమ్ము పట్టిన ఫ్యానుకి ఫార్మాట్ ఏం చేస్తుంది చెప్పు?

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకమ్మా. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు ఉబ్బినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాల్సిందే. ఛార్జింగ్ పెట్టకు, నొక్కకు, వెంటనే షాపులో చూపించు.

ఆరిపోయే ముందు నీలం తెర మెరిసి మాయమవుతోందా? కొత్త విండోస్ 11లో అది నల్లగా వస్తుంది. స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగుల్లో ఆటోమేటిక్‌లీ రీస్టార్ట్ దగ్గర టిక్ తీసేస్తే తెర అలాగే నిలబడుతుంది. అందులోని స్టాప్ కోడ్‌ని ఫోనులో ఫొటో తీసుకో. విండోస్‌లోని రిలయబిలిటీ హిస్టరీ తెరిచి చూడు, పడిపోయిన రోజుల దగ్గర ఎర్ర గుర్తులుంటాయి. అవి ఏ అప్‌డేట్ తర్వాత మొదలయ్యాయో తెలిస్తే సగం పని అయినట్టే.

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో లోపం వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసు చేత్తో రాసిచ్చారు. దానికి విరుగుడుగా చెప్పింది ఫార్మాట్ కాదు, అత్యవసరమైన వాటితోనే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి లోపమున్న ఒక్క ఫైలు తీసేయడం.

నువ్వూ సేఫ్ మోడ్‌లో పెట్టి చూడు. కొన్నింట్లో డిస్క్‌కి తాళంలాంటి బిట్‌లాకర్ కీ అడుగుతుంది. 48 అంకెలది, చాలామందికి మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది, ముందే రాసుకో. సేఫ్ మోడ్‌లో గంటసేపు నిలకడగా ఉంటే చాలావరకు డ్రైవర్‌దో, ఏదో ప్రోగ్రాందో తప్పు. అక్కడా ఆరిపోతే వేడి, ర్యామ్, బ్యాటరీ, బోర్డు వైపు చూడాలి. ర్యామ్‌ని విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్‌తో పరీక్షించవచ్చు.

షాపుకి వెళ్లేటప్పుడు ఆ కాగితమూ, ఆ ఫొటోనూ తీసుకెళ్లు. ముందు ఫ్యాను విప్పి శుభ్రం చేయమను, ఇంకో ర్యామ్ వేసి చూడమను, డిస్క్ ఎలా ఉందో నీ ఎదుటే పరీక్ష పెట్టమను. ఇవన్నీ అయ్యాక కూడా ఫార్మాటే అంటే, అప్పుడు సరే అను.