వేట విరామకాలమున పడవల నూనె టాంకీలను భద్రపరచు విధము

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15వ తేదీ మొదలు జూను 14వ తేదీవరకు యంత్రపు పడవలతో సముద్రపు వేట నిషిద్ధము. ఇది చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. పూర్వము 47 దినములుగా నుండిన ఈ విరామము 2015వ సంవత్సరమునుండి 61 దినములయ్యెను. మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట మొదలగు తీరగ్రామములలో ఈ కాలమున పడవలు గట్టున జేరును. వలలు బాగుచేయుదురు, పడవలకు రంగు వేయుదురు. కాని నూనె టాంకీ సంగతి తలచువారు తక్కువ. పడవ లేని రైతులకును నీరు తోడు డీజిలు ఇంజనులు గలవు గనుక ఈ పాఠము ఉభయులకును ఉపయోగించును.

డీజిలు స్వభావము:— డీజిలు అంత సులభముగా అంటుకొనదని మనలో ననేకుల నమ్మకము. నూనె ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనుటకు తగినంత వేడిమిని జ్వలనాంకమందురు. మనదేశపు ప్రమాణముల ప్రకారము డీజిలు జ్వలనాంకము 35 డిగ్రీలకు తక్కువ గాకుండిన చాలును. మే నెలలో నెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. ఎండలో నుంచిన ఇనుపటాంకీ వేడి అంతకంటె హెచ్చు. కావున శీతకాలమున నిరపాయమైన డీజిలే వేసవిలో అపాయకరము కావచ్చును. పెట్రోలు మాట చెప్పనక్కరలేదు. అది ఏ ఋతువునందైనను ఆవిరి విడుచుచునే యుండును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువగుటచే నేలబారున ప్రాకి దూరపు పొయ్యిని చేరగలదు.

డీజిలు టాంకీ:— పడవకు బిగించిన ఇనుపటాంకీని సగము ఖాళీగా విడువరాదు. ఖాళీభాగములోని తేమగాలి రాత్రి చల్లబడి నీటిబొట్లుగా మారి అడుగునకు దిగును. నీరు డీజిలుకంటె బరువు గదా! ఆ నీటివలన తుప్పు పట్టును. నీరును నూనెయు కలియుచోట సూక్ష్మజీవులు పెరిగి జిగట పుట్టును. జూనులో వడపోత మూసుకొని ఇంజను నడిసముద్రమున ఆగుటకు ఇదియొక కారణము. కావున మొదట అడుగు బిరడా విప్పి కొంత నూనెను గాజుపాత్రలోనికి దింపి, నీరు కానవచ్చిన అది పోవువరకు తీయవలెను. పిదప టాంకీని నూటికి 95 పాళ్లు నింపవలెను. అంచువరకు నింపరాదు. 200 లీటర్ల డీజిలు 20 డిగ్రీలు వేడెక్కిన సుమారు 3 లీటర్లు ఉబ్బి బయటికి పొర్లును. గాలిగొట్టమును మూయక, వాననీరు చొరకుండ దాని నోరు క్రిందికి వంచి యుంచవలెను. డీజిలు నిలువకు జస్తాపూత పీపాలు పనికిరావు; ఆ లోహము నూనెను చెరచును.

పెట్రోలు టాంకీ:— చిన్న యంత్రముల పెట్రోలు టాంకీలను ఖాళీ చేయుటయే మేలు. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. అది గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు హెచ్చిన ఇథనాలు నీటితోగూడి అడుగున వేరుపడును. యంత్రపునూనె కలుపని పెట్రోలును మోటారుసైకిలునకు వాడుకొనవచ్చును. గొట్టమును నోట బెట్టి పీల్చరాదు. గుటక పొరపాటున ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయము. ఎవరైన నూనె మ్రింగినచో వాంతి చేయింపక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. త్రాగునీటి సీసాలలో నూనె పోయుట బిడ్డలకు విషము పోసినట్లే.

ఖాళీ టాంకీ:— ఇది మిక్కిలి ముఖ్యము. ఖాళీ టాంకీ నిండు టాంకీకంటె భయంకరము. నూనె పోయినను ఆవిరి నిలిచియుండును. గాలితో కలిసిన ఆవిరియే ప్రేలునది. చిల్లుపడిన టాంకీని విరామకాలమున వెల్డింగుకు తీసికొనిపోవుట వాడుక. వాసన లేదని నమ్మి మంట పెట్టరాదు. గోడలకంటిన డీజిలు పొర సయితము ఆ వేడికి ఆవిరియై ప్రేలగలదు. సబ్బునీటితో పలుమారులు కడిగి, మూతలన్నియు తెరచి, అతుకవలసిన చోటికి కొంచెము దిగువవరకు నీరు నింపి, ఆవిరిని పరీక్షింప నెరిగిన పనివానిచేతనే పని చేయింపవలెను. అట్టివాడు దొరకనిచో క్రొత్త టాంకీ కొనుటయే చౌక.

నిలువచేయు చోటు:— వంటయింటను, వలల పాకలోను, గడ్డివాము చెంతను నూనె నుంచరాదు. నీడయు, నేలమట్టమున గాలి పోవు కంతలును గల వేరుకొట్టము కావలెను. 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టము ప్రకారము, అమ్మకమునకు గాని పెట్రోలు 30 లీటర్లవరకును, డీజిలు ఒకచోట 2,500 లీటర్లవరకును లైసెన్సు లేక ఉంచుకొనవచ్చును. డీజిలు పాత్ర యేదియు 1,000 లీటర్లకు మించరాదు. సంఘము ఉమ్మడి కొట్టము కట్టదలచిన ఈ హద్దులను ముందే చూచుకొనవలెను. కొట్టమున పొడి ఇసుక బక్కెట్లు, పొడిమందు అగ్నిమాపకము ఉండవలెను. మండు నూనెపై నీరు పోసిన మంట వ్యాపించును. ఇసుకకు మన తీరమున కొదువ లేదు.

తుపాను హెచ్చరిక:— వేసవిలోను తుపానులు వచ్చును. 2010వ సంవత్సరము మే 20వ తేదీన లైలా తుపాను బాపట్లయొద్ద తీరము దాటెను. ఉప్పెననీటిలో ఖాళీ పీపాలు తేలి కొట్టుకొనిపోవును; కావున వానిని మోకులతో గట్టిగా కట్టియుంచవలెను.

జూను 14వ తేదీకి ముందే అడుగు బిరడా మరల విప్పి నీరు చూచి, వడపోత మార్చి, పగిలిన రబ్బరు గొట్టములను తీసివేయవలెను. ఈ పనులకగు వ్యయము స్వల్పము. వీనిని మరచినచో పోవునది ఒక్క పడవ మాత్రము కాదు, దానిపై బ్రదుకు కుటుంబములని సభ్యులు గుర్తింతురు గాక.