మానని గాయానికి మనం ఇవ్వగల తోడు



మన సంచికలో ఏటా స్కాలర్‌షిప్పులు, కుట్టుమిషన్లు, రంజాన్ రేషన్ గురించి చదువుతాం. ఈసారి గుమ్మం దాటి బయటికి రాని ఒక బాధ గురించి, ఉపాధ్యాయురాలిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వానజల్లు కొడుతోందని ఎవరైనా తలుపు గడియ వేస్తే చాలు, బిగుసుకుపోయేది. పిలిచినా పలికేది కాదు. “ధ్యాస ఎక్కడ పెట్టావు?” అని అందరి ముందూ నిలబెట్టి తిట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆమెపై లైంగిక దాడి జరిగిందని, కేసు నడుస్తోందని తర్వాత వాళ్ల అమ్మీ వచ్చి చెప్పింది. బి.ఇడి.లో మనస్తత్వశాస్త్రం చదివిన నాకే ఆ పిల్ల స్థితి అర్థం కాలేదు. ఆ తప్పు తెలిశాక చదివి, డాక్టర్లను అడిగి నేర్చుకున్నదే ఈ పాఠం.

అసలు ఏం జరుగుతుంది?

దీన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటారు. సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ వస్తే అది పాత కథ అని మనకు తెలుసు. బాధితురాలికి ఆ తేడా తెలియదు. ఆ ఘోరం ఇప్పుడే, ఇక్కడే మళ్లీ జరుగుతున్నట్టు ఉంటుంది.

మామూలు జ్ఞాపకాన్ని మెదడు తేదీతో, చోటుతో కలిపి దాచుకుంటుంది. ప్రాణభయంలో ఆ పని సరిగా సాగదు. ఒక వాసన, ఒక చప్పుడు, ఒక స్పర్శ ముక్కలుగా మిగిలిపోతాయి. తర్వాత ఎప్పుడైనా అలాంటి వాసనో చప్పుడో ఎదురైతే, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం ఒళ్లంతటినీ హెచ్చరిస్తుంది. గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి. కొందరు ఏడుస్తారు, కొందరు రాయిలా అయిపోతారు.

ఇది పిచ్చి కాదు, నటన కాదు, గాలి సోకడం కాదు. ఈమాన్ తగ్గడం అంతకన్నా కాదు.

ఆ క్షణంలో ఆమె చేయదగినవి

1. కళ్లు తెరిచి, పాదాలు నేలకు గట్టిగా ఆనించాలి. తన పేరు, ఈరోజు వారం, ఉన్న చోటు పైకి చెప్పుకోవాలి.
2. కనిపించే ఐదు వస్తువులు, తాకగల నాలుగు, వినిపించే మూడు, వాసన తెలిసే రెండు, రుచి తెలిసే ఒకటి లెక్కపెట్టాలి. ఇది మనసును ఈ గదిలోకి తిరిగి తెస్తుంది.
3. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి.
4. చల్లటి నీళ్లతో ముఖం, చేతులు కడుక్కోవచ్చు. కొందరికి వుజూ, తస్బీహ్ పూసలు ఒక్కొక్కటీ తాకుతూ చేసే జిక్ర్ ఊరటనిస్తాయి. అయితే అది ఆమె ఇష్టం. బలవంతపెట్టకూడదు.

పక్కనున్నవారు చేయదగినవి

అడగకుండా తాకవద్దు. దగ్గరి బంధువైనా సరే, కాస్త దూరంగా కూర్చుని మెల్లగా చెప్పండి: “బేటీ, నేను అమ్మీని. మనం ఇంట్లో ఉన్నాం. ఇప్పుడు నీకేం భయం లేదు.” ఏం గుర్తొచ్చిందని అడగవద్దు. “మర్చిపో” అనవద్దు. మర్చిపోవడం ఆమె చేతిలో ఉంటే ఎప్పుడో మర్చిపోయేది. తేరుకున్నాక నీళ్లో టీయో ఇచ్చి విశ్రాంతి తీసుకోనివ్వండి.

ధర్మం ఏం చెబుతోంది?

సూరె నూర్ 33వ ఆయతులో, బలవంతంగా వ్యభిచారంలోకి దించబడిన స్త్రీల ప్రస్తావన వస్తుంది. వారి పట్ల అల్లాహ్ క్షమ, కరుణ గురించే ఆ ఆయతు చెబుతుంది. బలవంతానికి గురైనవారిపై పాపం లేదు. శీలవతులపై నలుగురు సాక్షులు లేకుండా నింద వేసేవారికి 80 కొరడా దెబ్బల శిక్ష చెప్పింది కూడా ఆ సూరాయే. మన వీధుల్లో గుసగుసలాడే ముందు ఇది గుర్తు చేసుకోవాలి. దుఆ చేద్దాం, కానీ తావీజు కట్టి చికిత్స ఆపవద్దు.

చికిత్స, చట్టం

నెల దాటినా ఇవి తగ్గకుండా నిద్ర, తిండి, చదువు చెడుతుంటే సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవాలి. ఇలాంటి గాయాలకే ఉద్దేశించిన మాటల చికిత్స ఉంది. సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు పడుతుంది. టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. మహిళలకు 181, పిల్లలకు 1098 ఉన్నాయి. సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి. ప్రైవేటు ఆసుపత్రి అయినా బాధితురాలికి వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టం చెబుతోంది.

బాధితులు 18 ఏళ్లలోపు వారైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. పెద్దమనుషుల పంచాయితీలో సర్దుబాటు చేసే విషయం కాదిది.

దాతలకు ఒక విన్నపం

సాయం అందుకున్నవారి ఫొటో వేయడం మనకు అలవాటు. ఈ సాయానికి ఫొటో వద్దు, పేరు వద్దు, కథ కూడా వద్దు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. పైగా జరిగింది కొత్తవారికి మళ్లీ చెప్పాల్సి రావడమే ఒక్కోసారి మరో ఫ్లాష్‌బ్యాక్‌కు కారణమవుతుంది.

కావలసినవి చిన్నవే. కౌన్సెలింగ్‌కు వెళ్లే ఆటో ఛార్జీ, ఆ రోజు పనికి పోలేని తల్లి కూలి, తోడు వెళ్లే నమ్మకమైన ఒక ఆపా, మన స్కూళ్లు, మదరసాల టీచర్లకు ఒకరోజు శిక్షణ. వీటికి మన సొసైటీ విడిగా కొంత సొమ్ము కేటాయించాలని కోరుతున్నాను. లెక్కలో “వైద్య సహాయం” అని రాస్తే చాలు.

ఆ తర్వాత నా తరగతిలో గడియ వేయడం మానేశాం. వానొస్తే తలుపు ఓరగా వేసి ఇటుక పెట్టేవాళ్లం. ఎందుకని పిల్లలెవరూ అడగలేదు. ఆ అమ్మాయి తలుపు పక్క బెంచీలోనే కూర్చుని ఆ ఏడు పరీక్షలన్నీ రాసింది.

చెప్పుకోలేని బాధ మోస్తున్న ప్రతి ఆడబిడ్డకూ అల్లాహ్ ఊరట ప్రసాదించుగాక. వారికి నీడగా నిలిచే బుద్ధిని మనకూ ఇచ్చుగాక. ఆమీన్.